లేవని పిల్లాడికి పేరు లేదు

"నలభై నాలుగు, ట్రెంట్ కోలార్! ఏం పట్టు పట్టాడండీ, స్టాన్విక్ కుర్రాణ్ణి ఎత్తి కుదేశాడు!" అని డెల్మార్ రేడియో మైకులోకి అరిచేశాడు. ఆ అరుపు వ్యాఖ్యాన గది ప్లైవుడ్ గోడలకి తగిలి ఇంకా తన చెవుల్లోనే గింగురుమంటోంది. కింద అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఒకరి మీద ఒకరు గుట్టగా పడ్డ పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు. స్టాన్విక్ వాడు లేచాడు, మోకాళ్ళకంటిన గడ్డి దులుపుకున్నాడు, మనవాళ్ళలో ఒకడు లేచాడు, ఇంకొకడు లేచాడు. నలభై నాలుగు లేవలేదు. బోర్లా పడి ఉన్నాడు, ఒక చెయ్యి పొట్ట కింద, ఇంకో చెయ్యి పక్కకి బార్లా. లేస్తాడులే, ఊపిరి అందక ఉంటుంది, ఈ వయసు పిల్లలు రబ్బరు బంతుల్లాంటివాళ్ళు, ఇప్పుడే లేస్తాడు, ఇదిగో లేస్తున్నాడు. లేదు, అది గాలికి చొక్కా ఉబ్బింది. రిఫరీ వంగి చూశాడు, వంగినవాడు చటుక్కున నిటారుగా లేచి రెండు చేతులూ తల మీద ఆడించాడు, కోచ్ టోపీ ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తాడు. డెల్మార్‌కి అప్పుడు తట్టింది. పేరు చెప్పేశాను, దేవుడా, పేరు చెప్పేశాను అనుకున్నాడు. పైకి మాత్రం నోరు దాని దారిన అది నడుస్తూనే ఉంది, "ఆట కాస్త ఆగిందండీ, మైదానంలో ఒక కుర్రాడు కింద ఉన్నాడు, కోచ్‌లు దగ్గరికి వెళ్ళారు" అని, ముప్ఫై ఆరేళ్ళ అలవాటు మరి, గుండె ఆగినా నోరు ఆగదు.

ఒక కుర్రాడంట! ఇందాకే ఊరూ పేరూ నంబరుతో సహా చాటింపు వేసి, ఇప్పుడు ఒక కుర్రాడు అంటే ఎవరు నమ్ముతారు? పని నేర్పిన ముసలి వాన్స్ బతికి ఉంటే ఈ హెడ్‌ఫోన్లు లాగి నెత్తిన మొట్టేవాడు. స్టేషన్‌లో చేరిన మొదటి వారంలోనే, ఇలాంటి గదిలోనే కూర్చోబెట్టి, నోట్లో పొగాకు ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకుంటూ చెప్పాడాయన. "చూడవోయ్, పడ్డవాడు లేచాడనుకో, వాడి పేరు చెప్పు, వాళ్ళ తాత పేరు చెప్పు, వాళ్ళ కుక్క పేరు కూడా చెప్పు. లేవలేదనుకో, వాడికి పేరు లేదు. వాళ్ళమ్మకి తెలిసేదాకా లేవని పిల్లాడికి పేరు లేదు. బుర్రకెక్కిందా?" ఎక్కింది. ముప్ఫై ఆరేళ్ళుగా బుర్రలోనే ఉంది. కాలు విరిగినవాళ్ళని చూశాడు, పళ్ళు రాలినవాళ్ళని చూశాడు, ఒక్కసారీ నోరు జారలేదు. ఇవాళ జారింది. అదీ లేవడని తెలియక ముందే జారింది, పట్టిన పట్టుకి సంబరపడి జారింది, అయితే మాత్రం, కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం. ట్రెంట్ తల్లి జనెల్ వినే ఉంటుంది. జిల్లా కేంద్రంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో వంట చేస్తుంది జనెల్, శనివారం మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ రేడియో పెట్టుకుంటుంది, ఆ ముసలివాళ్ళంతా ఆవిడ చుట్టూ చేరి కాఫీలు తాగుతూ, మీవాడు ఎన్ని గజాలు పరిగెత్తాడమ్మా అని అడుగుతారు. ఒక్కగానొక్క కొడుకు. ఈపాటికి చేతులు తుడుచుకోకుండానే కారెక్కి ఉంటుంది. ఇరవై రెండు మైళ్ళు. కార్లోనూ ఇదే రేడియో, ఇదే గొంతు.

పక్కన ఎర్విన్ ముక్కు ఎగబీల్చాడు. ఎర్విన్ పోకోర్నీ, డెబ్బై ఒకటి నిండాయి, బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు, పద్దెనిమిదేళ్ళుగా ఈ గదిలో డెల్మార్ ఎడమ పక్క కుర్చీ ఆయనదే. ఏ నంబరు ఎవరిదో అట్ట మీద గుండుసూదులు గుచ్చి చూపించడం ఆయన పని. కళ్ళు మునుపటిలా లేవు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు. "పాపం, జనెల్‌కి వాడు తప్ప ఇంకెవరున్నార్రా" అన్నాడు మెల్లిగా, మైకుకి వినపడకుండా. "గేవిన్ చొక్కా వేసుకున్నరోజే ఇలా అవ్వాలా" అని కూడా అన్నాడు. డెల్మార్ తల ఊపాడు. నలభై నాలుగు గేవిన్‌ది. నిరుడు కోతల్లో గేవిన్ మొక్కజొన్న గాదెలో కూరుకుపోయాడు, పదహారేళ్ళు, తీసేసరికి చల్లబడిపోయాడు. ఈ ఏడాది పిల్లలు వాళ్ళలో వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు, వారానికి ఒకడు తన నంబరు వదిలేసి గేవిన్ చొక్కా తొడుక్కుంటాడు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నారట, నలభై నాలుగు బెంచీ మీద కూర్చోకూడదు, ఆటలో ఉండాల్సిందే, వాడు బతికున్నప్పుడు బెంచీ మీద కూర్చున్న పాపాన పోలేదు గనక. గురువారం ఫలహారాల కొట్లో కోచ్ అన్నాడు, "ఈ వారం చొక్కా ట్రెంట్‌దయ్యా, రాసుకో, మళ్ళీ పోయినసారిలా తప్పు చదివి నా పరువు తియ్యకు" అని. రాసుకున్నాడు. మొదటి సగమంతా ట్రెంట్ ఆ చొక్కాలో చిరుతపులిలా ఆడాడు. ఇప్పుడు ఆ చొక్కా నేల మీద ఉంది, అందులో ఉన్నవాడు కదలడం లేదు.

ఏదో ఒకటి మాట్లాడాలి. రేడియోలో మూడు క్షణాలు మాట ఆగిందంటే జనం రేడియో చెంప మీద ఒకటిచ్చి చూస్తారు, పది క్షణాలు ఆగిందంటే చచ్చాడంటారు. "వాయవ్యం నుంచి గాలి గట్టిగా ఉందండీ, జెండాతాడు స్తంభానికి కొట్టుకుంటున్న చప్పుడు మీకూ వినిపిస్తూ ఉండొచ్చు. స్కోరు మనకి ఇరవై రెండు, స్టాన్విక్‌కి ఇరవై. మూడో భాగం ఇప్పుడే మొదలైంది, మూడో ఎత్తు ఇది." వింటున్నారు, జిల్లా అంతా వింటోంది, కోత మిషన్ల మీద మగవాళ్ళు చెయ్యి ఆపి వింటున్నారు. ఈ గొంతంటే వాళ్ళకి ఎప్పుడూ లోపల ఎక్కడో భయమే. ఎందుకుండదు, వారంలో ఐదు రోజులు పొద్దున తొమ్మిదింటికి చావు కబుర్లు చదివేది ఈ గొంతే కదా. ఫలానావారు ఫలానా తేదీన కన్నుమూశారు, ఫలానా చర్చిలో ప్రార్థన, తరువాత భోజనాలు. గేవిన్‌ది చదివినప్పుడు వయసు దగ్గర ఆగిపోయాడు, పదహారు అనడానికి నోరు రాలేదు, కాగితం గరగరలాడించి దగ్గు నటించాడు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా చేతిలో ఏ కాగితం ఉంటుందో. ఛీ, ఏమాలోచన ఇది! కీడెంచి మేలెంచమన్నారు గాని కీడు దగ్గరే ఆగిపోమన్నారా? దగ్గు తన్నుకొచ్చింది. దగ్గు మీట నొక్కాడు. బల్ల మీద ఎర్రగా చిన్న గుండీలా ఉంటుందది, నొక్కి పట్టుకున్నంతసేపు మైకు చెవిటిదైపోతుంది, దగ్గుకోవచ్చు, తుమ్ముకోవచ్చు, ఎవర్నైనా తిట్టుకోవచ్చు. దగ్గి, వదిలేశాడు.

మెట్ల మీద నుంచి ఎవరో కేకేశారు, అంబులెన్సు వస్తోంది, పదకొండు మైళ్ళ దూరంలో ఉంది అని. ప్రతి ఆటకీ గోలు స్తంభం వెనకాల నిలబడే బండే అది. ఖర్మ కాకపోతే రెండో భాగంలోనే ఏదో పొలం దగ్గర ముసలామె జారి పడిందంటే వెళ్ళింది. నడిపేది కోరిన్, ఎర్విన్ కూతురు. పగలు బాంకులో పని, పిలుపొస్తే అంబులెన్సు, జీతం లేని సేవ, ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ అంతే. వెళ్తూ వెళ్తూ గది కింద బండాపి అద్దం దించి అరిచింది, "నాన్నా, డెల్మార్ బాబాయికి చెప్పు, నేను బండిలో వింటూ ఉంటా, మా వేడ్ ఏం చేసినా గట్టిగా చెప్పమను, స్టాన్విక్ వాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు పళ్ళసెట్టు జాగ్రత్త!" అని. నవ్వారు ఇద్దరూ. వేడ్ ఆవిడ కొడుకు, ఎర్విన్ మనవడు, ఏడో నంబరు, బక్కగా ఉంటాడు, పరుగు మాత్రం కుందేలు పరుగు. షెరీఫ్ మనిషి, ఆటకి కాపలాకొచ్చిన పోలీసు, తన కారులో వైర్‌లెస్ పట్టుకుని, పిల్లాడొకడు పడ్డాడు, కదలడం లేదు, త్వరగా రమ్మని చెప్పాడు, అంతకుమించి చెప్పలేదు. ఈ పల్లంలో సెల్‌ఫోన్లకి ఒక గీత కూడా నిలవదు, గదిలో ఉన్న ఒక్క ఫోను తీగ మీదే ఈ ప్రసారం పోతోంది. అంటే జిల్లాలో ఎవరికి ఏం తెలియాలన్నా తన నోటి నుంచే తెలియాలి. ఆ నోటి నుంచి ఇందాకే ఒక తల్లికి పిడుగు పడింది.

పిడుగు పడితే ఎలా ఉంటుందో డెల్మార్‌కి తెలుసు, చూశాడు, ఎనిమిదేళ్ళప్పుడు. వంటింట్లో నేల మీద కూర్చుని గోళీలు దొర్లించుకుంటున్నాడు, అమ్మ రొట్టెపిండి పిసుకుతోంది, రేడియోలో ఎవరో ఆయన చెప్పాడు, రైలు గేటు దగ్గర ప్రమాదం, హ్రుస్కా వారబ్బాయి పోయాడు అని. తమ ఇంటిపేరూ హ్రుస్కానే, అన్నయ్య అప్పుడే పాల క్యాన్లతో అటువైపు వెళ్ళాడు. అమ్మ అరవలేదు. పిండి చేతులు రెండూ గాలిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది, ముఖం ఎవరో లోపల్నుంచి దీపం ఆర్పేసినట్టయింది, ఏడు నిమిషాలో ఎనిమిది నిమిషాలో, గడియారం చప్పుడు ఒకటే. అంతలో రేడియో ఆయన సవరించుకున్నాడు, ఏటికి అవతల ఉండే హ్రుస్కా వాళ్ళబ్బాయి అని. అమ్మ నవ్వింది. పకపకా నవ్వింది, నవ్వి, పిండి చేతులతో తన నోరు తనే మూసుకుంది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ చర్చిలో అవతలి హ్రుస్కా ఇల్లాలు ఎదురైతే అమ్మ తల దించుకునేది. తన కొడుకు బతికున్నందుకు కాదు, నవ్వినందుకు. ఇప్పుడు జనెల్ ముఖం అలాగే ఉంటుంది, స్టీరింగు మీద సబ్బు చేతులు, కంకర రోడ్డు, మొక్కజొన్న లారీలు అడ్డం వచ్చే మలుపులు. ఎంత వేగంతో వస్తోందో.

"పిల్లలందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారండీ, రెండు జట్ల వాళ్ళూ. స్టాన్విక్ పిల్లలు కూడా హెల్మెట్లు తీసి పక్కన పెట్టారు. మంచి పిల్లలు." చెబుతూనే బైనాక్యులర్స్ ఎత్తాడు, కోచ్ వీపు అడ్డం ఉంది, పడ్డవాడి హెల్మెట్ తియ్యరు, మెడ కదపకూడదు గనక, ముఖం నేలకి ఉంది, ఏమీ కనపడదు. బైనాక్యులర్స్ పక్కకి జరిపాడు. మోకాళ్ళ మీద ఉన్న మనవాళ్ళ వరసలో ఒకడు మాత్రం కూర్చోకుండా పక్కవాడి భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు, చీలమండకి మంచు సంచీ కట్టి ఉంది. పన్నెండో నంబరు. పన్నెండు, వీడి అసలు నంబరు పన్నెండు, ఎర్రజుట్టు, ఆ జుట్టు జిల్లా మొత్తం మీద ఒక్కడికే ఉంది. ట్రెంట్! ఓరి నీ దుంపతెగ, ట్రెంట్, నిలబడి ఉన్నాడు, ముక్కు తుడుచుకుంటున్నాడు! డెల్మార్‌కి ఒళ్ళంతా వేడి నీళ్ళు పోసినట్టయింది, లేచి గంతేయాలనిపించింది. సగం ఆట అయ్యేసరికి కాలు మెలికపడి ఉంటుంది, నలభై నాలుగు బెంచీ మీద కూర్చోకూడదు, చొక్కా విప్పి ఇంకెవడికో ఇచ్చి, తన పన్నెండు తను తొడుక్కున్నాడు. మార్పు ఉంటే పైకి చీటీ పంపాలి, పంపలేదు, ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది, తను గదిలో విత్తనాల కంపెనీ ప్రకటనలు చదువుకుంటూ కూర్చున్నాడు. జనెల్, నీ కొడుకు నిలబడ్డాడమ్మా అని అరవబోయి, నోరు తెరిచి, అప్పుడు ఆగాడు. ఇంకెవడికో ఇచ్చి. ఎవడికి?

జట్టు మొత్తం కలిపితే పద్నాలుగు మంది, ఈ ఊరికి అంతమందే దొరికారు, అందుకే పదకొండేసి మందికి బదులు ఎనిమిదేసి మంది ఆడే ఆట ఆడతారు. పద్నాలుగు ఇళ్ళు, పద్నాలుగు మంది తల్లులు. ట్రెంట్ కాదు అన్నానంటే జనెల్ బతుకుతుంది, మిగతా పదమూడు మంది చస్తారు. డెల్మార్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, నోటితో ఒక పక్క కోతల సంగతులు చెబుతూ, కంటితో ఇంకో పక్క. పన్నెండు ఉన్నాడు. ముప్ఫై ఒకటి ఉన్నాడు. యాభై ఐదు, లావాటి వాడు, ఏడుస్తున్నాడు. ఇరవై, ఇరవై మూడు, ఎనభై. అరవై రెండు. పది, పద్దెనిమిది. మోచేతులు బల్లకి ఆనించాడు. డెబ్బై ఒకటి, యాభై, ముప్ఫై మూడు, ఐదు. పదమూడు మంది. మళ్ళీ ఒకసారి, ఆ చివర నుంచి ఈ చివరికి. మూడోసారి. ఏడు లేడు. ఎక్కడా ఏడు లేడు. నేల మీద పడ్డవాడి కాళ్ళు చూశాడు, బక్క పిక్కలు, ఎందుకు చూడలేదు ఇందాకే, ట్రెంట్ పిక్కలు దుంగల్లా ఉంటాయి. ఎడమ పక్క నుంచి ఎర్విన్ అంటున్నాడు, కళ్ళు చికిలించి, "మా వేడ్ ఎక్కడున్నాడ్రా, కనపడుతున్నాడా? ట్రెంట్‌గాడంటే వాడికి ప్రాణం, తల్లడిల్లిపోతూ ఉంటాడు."

పైప్రాణాలు పైనే పోయాయి డెల్మార్‌కి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే కదా. పేరు చెబితే వినేది ఎవరు? కోరిన్. అంబులెన్సు నడుపుతూ, ఈ రేడియో వింటూ, జనెల్ కొడుకు కోసం గుండె చిక్కబట్టుకుని వస్తోంది కోరిన్, దారిలో ఏటి మీద ఇనుప వంతెన, ఒక్క బండి పట్టేది, పక్కన కమ్మీలు కూడా సగం విరిగి ఉన్నాయి. చెప్పకపోతే? వచ్చి, సంచీ తీసుకుని, పరిగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం చూస్తుంది. చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే, మధ్యలో జనెల్ కంకర రోడ్డు మీద తొంభై మైళ్ళ వేగంతో. పక్కనున్న మనిషికైనా చెప్పాలి, తాతకి చెప్పాలి. చావు కబుర్లు చదివేవాడు, ఒక బతికున్న కబురు చెప్పడానికి నోరు పెగలడం లేదు. బతికే ఉన్నాడు కదా? దగ్గు మీట నొక్కిపట్టాడు.

"ఎర్విన్."

"ఏంట్రా, మైకు?"

"మీట నొక్కి పట్టుకున్నాలే. విను. ట్రెంట్ కాదు. ట్రెంట్ అదిగో, నిలబడి ఉన్నాడు. చొక్కా మార్చుకున్నారు."

"హమ్మయ్య! మరి ఎవడ్రా?" అని, డెల్మార్ ముఖం చూసి, ఎర్విన్ ఆ ప్రశ్నని మళ్ళీ అడగలేదు. అట్ట మీద ఏడో నంబరు సూది మీద వేలు పెట్టాడు. డెల్మార్ తల ఊపాడు. గాలికి కిటికీ అద్దం టపటపలాడింది. ముసలాయన లెక్క తప్పిందేమోనని చూసుకునే మాస్టారిలా అట్ట వైపే చూశాడు, ఆ తరువాత అన్నాడు, "అమ్మాయికి చెప్పకు. వంతెన దాటేదాకా చెప్పకు. దాటినా చెప్పకు. నేను కిందకి పోతా, నేను చెబుతా. నువ్వు మాట్లాడుతూ ఉండు, మామూలుగా. నీ గొంతు మారిందంటే దానికి తెలిసిపోతుంది, చిన్నప్పట్నుంచీ వింటోంది నిన్ను."

"మరి జనెల్?"

"నాలుగు నిమిషాలు ఓర్చుకుంటుందిలే." అన్నవాడే తలుపు దగ్గర ఆగి, "దేవుడు నన్ను క్షమించుగాక" అన్నాడు. ఇరవై ఆరు మెట్లు, రెండు మోకాళ్ళూ అరిగినవే, ఒక్కో మెట్టూ దిగుతుంటే ఆ చెక్క చప్పుడు డెల్మార్ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

మీట వదిలాడు. మామూలుగా. మామూలు గొంతు అంటే ఏది, ఎక్కడుంటుందది, పొట్టలోనా, ముక్కులోనా, ముప్ఫై ఆరేళ్ళలో ఎప్పుడూ వెతుక్కోలేదు, ఇప్పుడు వెతుక్కుంటుంటే దొరకడం లేదు. "క్షమించాలండీ, ఈ చలిగాలికి గొంతు పట్టింది. అంబులెన్సు దారిలో ఉంది. కోచ్ పక్కనే ఉన్నాడు. చర్చి ఆడవాళ్ళ రొట్టెల అమ్మకం రేపు కూడా ఉంటుంది, గసగసాలవి, రేగుపళ్ళవి." రొట్టెలేంట్రా, బుద్ధి ఉందా, ఒక తల్లి గుండె పగిలి చస్తుంటే రేగుపళ్ళ రొట్టెలా? కాని ఇంకో తల్లి వంతెన మీద ఉండి ఉంటుంది. నా చేతుల్లో ఇద్దరున్నారు, ఒకరిని మోసం చేస్తున్నాను, ఒకరిని చిత్రహింస పెడుతున్నాను, ఇద్దరూ నా గొంతుని నమ్ముకునే వస్తున్నారు. జనెల్ లారీకి గుద్దుకుంటే? కొడుకు నిలబడి ఉండగా తల్లి పోతే, ఆ కాగితం కూడా నేనే చదవాలా? అబద్ధం ఆడలేదు, ఆడలేదు గాని నిజం మీద కూర్చున్నాను. "ఉత్తరం పక్కన పొలాల్లో కోతలు ఇంకా సగం కూడా కాలేదండీ" అన్నాడు, ఆ మాట ఎవరు అన్నారో తనకే తెలియనంత మామూలుగా. గోలు స్తంభం అవతల రోడ్డు మీద దుమ్ము లేచింది. తెల్లబండి. వంతెన దాటింది. ఎర్విన్ ఇంకా కంచె వారనే ఉన్నాడు, టోపీ లేదు, కుంటుతూ, చెయ్యి ఎత్తి ఊపుతూ, సగం దూరం కూడా పోలేదు. త్వరగా వెళ్ళు, త్వరగా, నీ కాళ్ళు మొక్కుతా. బండి ఆగింది. కోరిన్ దూకింది, నారింజరంగు సంచీ భుజాన వేసుకుంది. దిగింది, బండి దిగింది, ఇక రేడియో లేదు ఆవిడ దగ్గర. ఇప్పుడు!

"జనెల్! జనెల్ కోలార్, వింటున్నావా అమ్మా, వేగం తగ్గించు! మీ ట్రెంట్ నిలబడి ఉన్నాడు, నా కళ్ళతో చూస్తున్నా, కాలు బెణికింది, అంతే. తప్పు నాది. చొక్కా మారింది, నేను చూసుకోలేదు. తప్పు నాదమ్మా, బండి పక్కకి ఆపు." ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకుంటూ ఉండగానే తన మాటలు తనకే మళ్ళీ వినపడ్డాయి, కింద నుంచి, అన్ని పక్కల నుంచీ, ఒక అరక్షణం వెనకగా. మైదానం చుట్టూ కంచెకి ఆనించి నిలబెట్టిన పికప్ బళ్ళు, యాభయ్యో అరవయ్యో, చలికి అద్దాలు కాస్త దించుకుని జనం లోపలే కూర్చుని, కళ్ళతో ఆట చూస్తూ చెవులతో డెల్మార్‌ని వింటారు, వాళ్ళ తాతలూ అలాగే చూశారు. ప్రతి బండిలోనూ తన గొంతే. చొక్కా మారింది, చొక్కా మారింది. ముప్ఫై ఆరేళ్ళుగా తెలిసిన సంగతి, ఆ ఒక్క క్షణం బుర్రలోంచి జారిపోయింది. పరిగెత్తుతున్న కోరిన్ ఆగిపోయింది.

ఆగి, నేల మీద ఉన్నవాడి వైపు చూడలేదు. పిల్లల వరస వైపు చూసింది. తల ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా తిరిగింది, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరికి, డెల్మార్ లెక్కపెట్టినట్టే లెక్కపెడుతోంది, ఆవిడ పెదాలు కదలడం కూడా అద్దాల్లో కనపడుతోంది. వద్దమ్మా, లెక్కపెట్టకు. మీ నాన్న వస్తున్నాడు, ఆగు, మీ నాన్న ఇంకో ఇరవై అడుగుల్లో ఉన్నాడు. ఎర్విన్ అందుకోబోయాడు, చేతులు చాచాడు, ఆవిడ ఆ చేతుల్లోంచి దాటుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు, పరుగు కూడా కాదు, పెద్ద పెద్ద అంగలు, నేర్పించిన నడక. కోచ్ పక్కకి తప్పుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుంది, సంచీ తెరిచింది, మెడకి రెండు పక్కలా చేతులు పెట్టించింది షెరీఫ్ మనిషితో. ఆ తరువాత ముఖం గడ్డికి ఆనించి, పిల్లాడి ముఖానికి ఎదురుగా పెట్టి పిలిచింది. "వేడ్!" ఆ పిలుపుని గాలి పైకి తెచ్చింది. జనం కేకలు పట్టడానికి కిటికీ బయట వేలాడదీసిన రెండో మైకు దాన్ని పట్టుకుంది, పట్టుకుని యాభై బళ్ళలోకి, జిల్లాలోని పొలాలన్నిట్లోకి, ఆశ్రమంలో ముసలివాళ్ళ మధ్యకి పంపేసింది. "వేడ్! అమ్మనిరా! వినపడుతోందా?"

డెల్మార్ నోరు మూసుకున్నాడు. మూడు క్షణాలు అయ్యాయి, పది అయ్యాయి, ఇంక ఎన్నయ్యాయో. ఏ దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు, వాడిని ఉంచు, వాడిని ఉంచు అని మాత్రం అనుకున్నాడు, అమ్మ నవ్విన నవ్వు గుర్తొచ్చింది, ఈసారి ఎవరూ నవ్వకూడదు. కోరిన్ పిల్లాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, ఏదో అంది, వంగి ఉంది, ఇంకా వంగే ఉంది. అంతలో తండ్రి వైపు తల తిప్పి ఒక మాట చెప్పింది. ఎర్విన్ గడ్డి మీదే నిలబడి గది వైపు తిరిగాడు, గాలికి తెల్లజుట్టు నిక్కబొడుచుకుంది, చెయ్యి తలకంటే పైకి ఎత్తి పిడికిలి మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. పిల్లాడు చెయ్యి నొక్కాడంటున్నాడా? నొక్కమంటే నొక్కాడనా? లేక ప్రసారం ఆపెయ్యమనా? కాళ్ళ సంగతి ఏమిటి, కాళ్ళ గురించి ఎందుకు చెప్పడం లేదు? జిల్లా మొత్తం ఊపిరి బిగబట్టుకుని ఉంది, చెప్పవలసిన మాట నాలుక చివర ఉంది, మైకు తెరిచే ఉంది. డెల్మార్ బైనాక్యులర్స్ దించి, అద్దాలు చొక్కా చెంగుతో తుడిచి, మళ్ళీ ఎత్తి, నోరు విప్పే ముందు ఇంకొక్కసారి చూశాడు.